బెంగళూరులో పాత ఫ్లాట్‌ బాగుచేయించుకోవాలంటే: ముందు నీళ్లు, తర్వాత కరెంటు, ఆ తర్వాతే రంగులు

మరతహళ్ళి దగ్గర మేం రీసేల్‌లో కొన్న డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ 2008లో కట్టింది. తాళాలు చేతికొచ్చిన రాత్రే నేనూ మా ఆయనా ఫోన్లు పట్టుకుని కూర్చుని టీవీ గోడకి ఏ రంగు, సోఫా వెనక ఏ ప్యానెల్ అంటూ ఓ రెండొందల ఫొటోలు దాచుకున్నాం. బాత్‌రూం నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. దానికి ఏం మూల్యం కట్టామో కింద చెబుతాను. అందుకే ఈ రాతలో వరస తిరగేశాను. కంటికి కనపడని పనులు ముందు, కనపడేవి చివర. డబ్బు కూడా అదే వరసలో ఖర్చు పెట్టమంటాను, ఎందుకంటే రంగు నచ్చకపోతే వచ్చే ఏడాది మార్చుకోవచ్చు, టైల్స్ కింద కారుతున్న పైపుని మార్చాలంటే మళ్ళీ ఇల్లంతా దుమ్ము.

సుత్తి తేకముందు

వీలైతే ఆ ఇంట్లో ఒక నెల ఉన్నది ఉన్నట్టుగా ఉండి చూడండి. ఫ్రిజ్ మీద ఒక నోట్‌బుక్ పెట్టి, విసుగొచ్చినప్పుడల్లా ఒక లైను రాయండి. మా పుస్తకంలో ఏముందంటే: మిక్సీ పెట్టే చోట ప్లగ్ లేదు, ఒక బాత్‌రూంలో షవర్ తిప్పితే రెండో దాంట్లో ధార సన్నబడిపోతోంది, బాల్కనీ తలుపు కింద నుంచి వాన నీళ్లు హాల్లోకొస్తున్నాయి, బీరువా తలుపు తీస్తే మంచానికి తగులుతోంది. ఏ ఇంటీరియర్ డిజైనరూ అడగని విషయాలివి. అడగకపోయినా మీరే చెప్పాలి.

తర్వాత అపార్ట్‌మెంట్ అసోసియేషన్. చాలాచోట్ల పని మొదలుపెట్టే ముందు అర్జీ పెట్టుకోవాలి, తిరిగిచ్చే డిపాజిట్ కట్టాలి, డ్రిల్లింగ్ ఏ వేళల్లో చేసుకోవచ్చో రూలు ఉంటుంది, ఆదివారం చప్పుడు చేయనివ్వరు. సామాను ఏ లిఫ్టులో ఎక్కించాలి, పగలగొట్టిన మట్టి, రాళ్లు ఎక్కడ పోయాలి, ఎన్ని రోజుల్లో ఎత్తించాలి అన్నవి కూడా అడిగి కాగితం మీద తీసుకోండి. ఆ మట్టి తోలించే ఖర్చు ఎవరిదో కాంట్రాక్టర్‌తో ముందే తేల్చుకోండి, కొటేషన్లో అది దాదాపు ఎప్పుడూ ఉండదు. ఇంకో పని, ఇది నన్ను ఎంత కాపాడిందో నాకే తెలుసు: కింద ఇంటికి వెళ్లి, ఓ డబ్బా స్వీట్లిచ్చి, వాళ్ల బాత్‌రూం, వంటింటి సీలింగులు తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి. అంతకు ముందే ఉన్న మరకలేవి, మన వల్ల వచ్చినవేవి అన్న గొడవ రేపు రాదు.

గోడలు తీసేసి హాలు పెద్దది చేద్దామనుకునేవాళ్లు ఒక విషయం చూసుకోవాలి. పిల్లర్లు, బీములతో కట్టిన పాత బిల్డింగుల్లో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలు కొన్ని తీయొచ్చు, అదీ స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి చూసి సరే అన్నాకే. కానీ ఈమధ్య పెద్ద కమ్యూనిటీల్లో మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కడుతున్నారు. అక్కడ గోడలే బిల్డింగుని మోస్తాయి. వాటిని తీయడం సంగతి అటుంచి, వైరు కోసం లోతుగా గాడి కొట్టడం కూడా తప్పే. మేస్త్రీ "ఏం కాదు మేడమ్" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో అవబోతోందని లెక్క.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇక్కడ జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు ఆగి ఆగి పడుతూనే ఉంటాయి, పుట్టీ ఆరదు, చెక్క తేమ పీల్చుకుంటుంది. సంక్రాంతి వెళ్లగానే మొదలుపెడితే జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొడి వాతావరణం దొరుకుతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, కార్పెంటర్లు, పెయింటర్లు చాలామంది ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు, హోలీకి ఊరెళ్తే పది రోజులు రారు. మనవాళ్లకి ఉగాది. ఒక డబుల్ బెడ్‌రూంకి అన్నీ కలిపి మూడు నెలలు వేసుకోండి. ఆ మూడు నెలల అద్దె కూడా బడ్జెట్‌లో కలపండి, బాత్‌రూములు పగలగొట్టిన ఇంట్లో పిల్లలతో ఉండటం మాటలు కాదు. ఆపైన మొత్తం మీద ఓ పదిహేను శాతం పక్కన పెట్టుకోండి, అది ఖర్చయిపోతుంది, అనుమానం అక్కర్లేదు.

కొటేషన్ చదవడం

మూడు చోట్ల అడగండి, కానీ మూడింటినీ ఒకే కొలతకి తెచ్చి పోల్చండి. చెక్క పనికి ఒకాయన ముందువైపు కనిపించే వైశాల్యానికి చదరపు అడుగుకింత అంటాడు, ఇంకొకాయన లోపలి అరలు, పక్క పలకలు కూడా విప్పి లెక్కగడతాడు. రేటు తక్కువగా ఉన్న రెండోవాడి బిల్లే చివరికి ఎక్కువవుతుంది. పెయింటింగుకి కార్పెట్ ఏరియా (ఇంటి లోపలి నేల వైశాల్యం) మీద లెక్కా, గోడల మీద లెక్కా, తలుపులూ కిటికీలూ తీసేశారా లేదా అడగండి. 18 శాతం జీఎస్‌టీ కలిపిందా, విడిగానా అన్నది కూడా. "గుడ్ క్వాలిటీ ప్లై", "స్టాండర్డ్ ఫిటింగ్స్" లాంటి మాటలుంటే కొట్టేసి కంపెనీ పేరు, గ్రేడు, మందం రాయించండి.

అంతా ఒకరికే అప్పజెప్పాలా, విడివిడిగానా అంటే నా లెక్క ఇది. ఇద్దరూ ఆఫీసులకి పోయేవాళ్లయితే ఒకరికే ఇవ్వడంలో సుఖం ఉంది, ఒప్పుకుంటాను. కానీ పాత ఫ్లాట్లలో ప్లంబింగు, వాటర్‌ప్రూఫింగు, టైల్స్ వరకు మాత్రం మంచి మేస్త్రీని వెతుక్కుని కూలీ కాంట్రాక్టు ఇచ్చి, సామాను మీరే కొనండి. హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు మేస్త్రీలకి కొదవలేదు. మన భాషలో మాట్లాడితే, నిలబడి "అన్నా, ఇది ఎందుకిలా?" అని అడగగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

అడ్వాన్సు పది, పదిహేను శాతం మించి ఇవ్వకండి. మిగతాది పని దశల ప్రకారం, పూర్తయిన దానికే. చివరి పది శాతం ఇంట్లో దిగిన పదిహేను రోజుల తర్వాత. నోటితో అనుకున్న ప్రతి మార్పునీ ఆ సాయంత్రమే వాట్సాప్‌లో రాసి పంపి "ఓకే" అనిపించుకోండి.

బాత్‌రూం: ఇక్కడ తొందరపడ్డామో అంతే

మేం ముందు పెట్టుకున్న కాంట్రాక్టర్ పాత టైల్స్ తీసి, పైపులు మార్చి, ఏదో కోటింగు వేసి, మర్నాడే కొత్త టైల్స్ పరిచేశాడు. నీళ్లు కట్టి చూడరా అంటే టైమ్ వేస్టన్నాడు. మూడో వారంలో, కింద ఇంటి కన్నడ ఆంటీ పైకొచ్చి, కోపంగా కూడా కాదు, నా చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లి చూపించింది: వాళ్ల బాత్‌రూం సీలింగు మీద సాసర్ అంత తడి మచ్చ, దాని నడుమ నుంచి నిమిషానికో చుక్క. నా ఫోన్లో పాత ఫొటో ఉంది, అందులో ఆ మచ్చ లేదు. వాదించడానికేమీ లేక కొత్త టైల్స్ అన్నీ పగలగొట్టించాం. కారణం చిన్నదే, నేల ట్రాప్ (నీళ్లు బయటికి పోయే గొట్టం నోరు) చుట్టూ కాంక్రీటుకీ పైపుకీ మధ్య ఉన్న సందు సరిగ్గా పూడ్చలేదు.

రెండోసారి వేరే మేస్త్రీ చేసిన వరస ఇది, మీరూ ఇలాగే చేయించండి. పాత టైల్స్, వాటి కింద సిమెంటు, సంకెన్ శ్లాబులో (పైపుల కోసం కిందికి దింపి పోసిన శ్లాబు) నింపిన చెత్త అంతా శ్లాబు కనపడేదాకా తీసేయాలి. టైల్స్ మీదే టైల్స్ వేస్తే చవక అంటారు, పాత లీకు అలాగే ఉండిపోతుంది, పైగా నేల ఎత్తయి తలుపు కోయాల్సొస్తుంది. పాత జీఐ (ఇనుప) పైపులుంటే లోపల తుప్పు పట్టి సన్నబడి ఉంటాయి, సీపీవీసీ (వేడి నీళ్లకీ తట్టుకునే ప్లాస్టిక్) పైపులకి మార్చండి. గోడలోకి పోయే ముందే పైపులన్నీ మూసి, పంపుతో ప్రెషర్ ఎక్కించి, కాసేపు గేజీ ముల్లు కదలకుండా నిలబడుతుందో లేదో చూడాలి. గోడ, నేల కలిసే మూలల్ని సిమెంటుతో గుండ్రంగా నింపి, పైపులు శ్లాబుని దాటే చోట నాన్‌ష్రింక్ గ్రౌట్ (ఆరాక కుంచించుకుపోని సిమెంటు మిశ్రమం) కూరాలి. ఆ తర్వాతే నీళ్లు దిగకుండా ఆపే పాలిమర్ కోటింగు రెండు చేతులు, అంటే రెండు పూతలు, మొదటిది అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. గోడల మీద ఒక అడుగు ఎత్తు దాకా, షవర్ వైపు గోడకి తలకంటే పైదాకా.

కోటింగు పూర్తిగా ఆరాక ట్రాప్‌కి గుడ్డ కుక్కి రెండంగుళాల నీళ్లు కట్టండి. గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీయండి. 48 గంటలు. ఆ రెండు రోజులూ ఆంటీ వాళ్లింటికి పొద్దునా సాయంత్రం వెళ్లి సీలింగు తడిమి చూసొచ్చాను, నన్ను చూస్తే చాలు కాఫీ పెట్టేసేది. ఆవిరికి గీత కాస్త దిగడం మామూలే, కింద తడి కనపడకూడదు. అప్పుడే టైల్స్.

టైల్స్ వేసేటప్పుడు వాలు చూడండి, నాలుగడుగులకి అర అంగుళం చొప్పున ట్రాప్ వైపు దిగాలి. మేస్త్రీ ఉండగానే బకెట్టు నీళ్లు కుమ్మరించి చూస్తే మూలల్లో నిలుస్తున్నాయో లేదో తేలిపోతుంది. బాత్‌రూం నేలకి గరుకు టైల్స్ తీసుకోండి, షోరూంలో మెరిసేవి తడి కాలికి జారతాయి, ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీ. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చుకోదు కాబట్టి వట్టి సిమెంటు పాలు దానికి గట్టిగా పట్టుకోవు, గోడలకి టైల్ అడ్హెసివ్ తప్పనిసరి. అదీ నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికించడం కాదు, టైల్ వెనకంతా పరిచి గాట్లు గీయాలి. ఆరాక రూపాయి బిళ్లతో తట్టి చూడండి, బోలుగా మోగితే అది తీసి మళ్ళీ వేయించాల్సిందే. సందులకి ఎపాక్సీ గ్రౌట్ ఖరీదెక్కువే, కానీ తడి తగిలే చోట పెట్టించండి.

మీ అపార్ట్‌మెంటులో కావేరి నీళ్లొస్తాయా, బోరు, ట్యాంకరా అన్నది కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, నల్ల మ్యాట్ కుళాయిలూ గాజు పార్టిషనూ నెలకల్లా తెల్ల చారలతో నిండిపోతాయి. మా ఇంట్లో గాజు తీసేసి కర్టెన్ వేలాడదీశాం, మామూలు క్రోమ్ కుళాయిలే పెట్టించాం, ఫొటోలో బాగోదు కానీ రోజూ రుద్దే పని తప్పింది.

కరెంటు

పాత ఫ్లాటుకి బెస్కామ్ (ఇక్కడి కరెంటు సంస్థ) ఇచ్చిన శాంక్షన్డ్ లోడ్, అంటే ఎంత కరెంటు వాడుకోవడానికి ఒప్పుకున్నారో, బిల్లు మీదే ఉంటుంది, చూసుకోండి. రెండు ఏసీలు, రెండు గీజర్లు, ఇండక్షన్ పెట్టాలనుకుంటే అది చాలకపోవచ్చు, లోడ్ పెంచమని ముందే అర్జీ పెట్టండి. వైర్ల విషయంలో బేరం వద్దు: లైట్లు, ఫ్యాన్లకి 1.5 చదరపు మిల్లీమీటర్లది, 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గులకి 2.5, ఏసీకీ గీజర్‌కీ 4. ఒక్కో ఏసీకి, గీజర్‌కి విడిగా ఎంసీబీ (లోడ్ మించితే తనంతట ఆగిపోయే స్విచ్చు). అన్నిటికంటే ముఖ్యం బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే, పాత ఇళ్లలో చాలావాటికి అది ఉండనే ఉండదు. గాడులు కొట్టి పైపులు వేశాక, మూసేముందు ప్రతి గోడకీ పక్కన టేపు పట్టుకుని ఫొటో తీయండి. రేపు షెల్ఫు బిగించడానికి డ్రిల్ పెట్టేటప్పుడు ఆ ఫొటోయే దిక్కు.

స్విచ్చులు, వైర్లు, లైట్లు కొనడానికి బీవీకే అయ్యంగార్ రోడ్డుకి ఒక శనివారం పొద్దున్నే వెళ్లండి, కారు వద్దు, మెట్రోలో చిక్‌పేట్ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. ఎస్‌పీ రోడ్డూ అక్కడికి దగ్గరే.

వంటిల్లు: ఆవకాయ జాడీ కొలత

మాడ్యులర్ కిచెన్ షోరూం అమ్మాయి కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ తిప్పి తిప్పి చూపిస్తోంటే మా అత్తగారు ఒక్కటే అడిగారు: "జాడీలు ఎక్కడ పెడతామమ్మా?" ఆ అమ్మాయి రాజమండ్రి జాడీని చూసుంటుందని నేననుకోను. కింది డ్రాయర్ల లోపలి ఎత్తు కొలిస్తే మా పెద్ద జాడీ మూతతో సహా నాలుగంగుళాలు ఎక్కువొచ్చింది. అందుకే కొలతలకి పిలిచే ముందు మీ వంటింట్లో ఉన్నవి అన్నీ నేల మీద పరిచి కొలవండి: జాడీలు, పాతిక కిలోల బియ్యం డబ్బా, పెద్ద కుక్కరు, ఇడ్లీ పాత్ర, గ్రైండరు, నాన్న వచ్చినప్పుడు తీసే ఇత్తడి బిందె. అన్నీ డ్రాయర్లే వద్దు. ఒక వైపు అరలు లేని ఖాళీ గూడు ఒకటి వదిలేయమనండి, బరువైనవి అక్కడికే.

గట్టు ఎత్తు 34 అంగుళాలు అని అందరికీ ఒకటే పెడతారు. వంట చేసేవాళ్లు నిలబడి మోచెయ్యి వంచితే, ఆ మోచేతికి నాలుగైదు అంగుళాల కింద ఉండాలి గట్టు, అదీ లెక్క. మా అత్తగారికీ నాకూ మధ్యలో 33 దగ్గర రాజీ పడ్డాం. గట్టు మీద పెట్టే మామూలు స్టవ్ అయితే గిన్నె ఇంకా పైకెళ్తుంది, దాన్ని కూడా కలుపుకోండి.

గట్టుకి క్వార్ట్జ్ అందంగానే ఉంటుంది, కాకపోతే అందులో రెసిన్ ఉంటుంది, పొయ్యి మీంచి దింపిన బాణలి నేరుగా పెడితే మచ్చ పడుతుంది. మన వంటకి నల్ల గ్రానైటే మేలు. బన్నేరుఘట్ట దాటాక జిగణి వైపు వెళ్తే వరసగా గ్రానైటు యూనిట్లే, పలకని మీరే చూసి ఎంచుకోవచ్చు. పలక మీద నీళ్లు చల్లి చూడండి, పగుళ్లుంటే తడి గీతల్లా కనపడతాయి.

ఓపెన్ కిచెన్ గురించి నా అభిప్రాయం అడిగితే, వద్దు. చేపల పులుసు పెట్టిన రోజు సోఫా గుడ్డలు చెబుతాయి ఎందుకు వద్దో. చిమ్నీ పైపు పొట్టిగా, వంపులు తక్కువగా, నేరుగా బయటికి పోయేలా ఉంటేనే పొగ లాగుతుంది. గ్యాసు పైపులైను మీ కాలనీకి వచ్చిందో, రాబోతోందో కనుక్కుని ఆ వైపు గోడకి చోటు వదలండి. మిక్సీ, గ్రైండరు, కెటిల్, ఓవెన్, ఫిల్టరు, ఇవన్నీ లెక్కేసి ప్లగ్గులు పెట్టించండి, ఆ పైన ఇంకో రెండు.

చెక్క పని

ప్లైవుడ్ మీద ఐఎస్‌ఐ గుర్తు, దాని పక్కన నంబరు ఉంటాయి. ఐఎస్ 303 అంటే మామూలు ప్లై, అందులో ఎంఆర్ గ్రేడు తేమకి మాత్రమే తట్టుకుంటుంది, బెడ్‌రూం బీరువాకి చాలు. సింకు కింద, వంటింటి కింది భాగంలో, బాత్‌రూం పక్క గోడకి ఐఎస్ 710, అంటే నీళ్లకి తట్టుకునే మెరైన్ గ్రేడు పెట్టించండి. షీట్లు ఇంటికి దిగినప్పుడు మీరు అక్కడే ఉండి ముద్రల ఫొటో తీసుకోవాలి. 18 మిల్లీమీటర్లని చెప్పి 16 తెచ్చేవాళ్లున్నారు, జేబులో టేపు పెట్టుకోండి. కొనాలంటే మైసూర్ రోడ్డు దగ్గర టింబర్ యార్డ్ లేఅవుట్లో దుకాణాలు చాలా ఉన్నాయి. పని మొదలవకముందే చెదల మందు కొట్టించండి, తర్వాత బీరువా వెనక్కి ఎవరూ దూరలేరు.

బయటికి కనిపించే వైపు 1 మిల్లీమీటరు లామినేట్, లోపల 0.8 లైనరు. అంచులకి ఎడ్జ్ బ్యాండింగ్ (అంచుని మూసే పట్టీ) మిషన్ మీద వేయించగలిగితే వేయించండి, చేత్తో అంటించింది రెండో వానాకాలానికి లేస్తుంది. కబ్జాలు (తలుపుల మడతబందులు), డ్రాయరు పట్టాల మీద మాత్రం పొదుపు చేయకండి, రోజుకి ముప్పైసార్లు తీసేది వాటినే. హెట్టిక్, ఎబ్కో లాంటివి పెట్టించి, బిల్లు మీ దగ్గరే ఉంచుకోండి.

ఫాల్స్ సీలింగు మొత్తం వేయించాల్సిన పని లేదు. ఇల్లు పొట్టిగా కనిపిస్తుంది. హాల్లో అంచుల వెంట ఒక పట్టీ చాలు. ఫ్యాను కొక్కెం శ్లాబుకే బిగించాలి, జిప్సం బోర్డుకి కాదు. పడకగదిలో 3000 కెల్విన్ల పసుపు వెలుగు, వంటింట్లో 4000. ఆరువేల ఐదొందల తెల్ల లైటు కింద ఏ రంగు గోడైనా ఆసుపత్రిలా ఉంటుంది.

రంగులు, కర్టెన్లు

గోడలో చెమ్మ ఉంటే అది ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చకుండా పుట్టీ పెట్టనివ్వకండి, ఆరు నెలల్లో పొక్కులొస్తాయి. కొత్తగా చేసిన ప్లాస్టరింగు ఓ నెల ఆరాలి. పుట్టీ రెండు చేతులు, ప్రైమరు, రంగు మొదటి చెయ్యి అయ్యాక కార్పెంటర్‌ని లోపలికి పిలిచి, వాళ్ల దుమ్మంతా అయ్యాక రెండో చెయ్యి వేయించండి. షేడ్ కార్డు చూసి నిర్ణయించకండి. చిన్న డబ్బా కొని గోడ మీద రెండడుగుల చదరం పూయించి పొద్దున ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడండి. మేం "లేత గంధం" అనుకున్నది రాత్రికి గులాబీ రంగయింది.

కర్టెన్లకి చిక్‌పేట్. కొలత నేలకి అర అంగుళం పైకి. అన్నిటికంటే ముందు కిటికీలకి దోమల జాలీ, బాల్కనీకి పావురాల వల వేయించండి. ఈ ఊళ్లో ఆ రెండూ లేకుండా ఎంత అందంగా సర్దినా బాల్కనీ మీది కాదు, పావురాలది.

చివరి రోజు

ఆఖరి చెక్కు రాసేముందు ఒక టేపు, మొబైల్ చార్జరు, బకెట్టు పట్టుకుని ఇల్లంతా తిరగండి. ప్రతి ప్లగ్గులో చార్జరు పెట్టి చూడండి, ప్రతి కుళాయీ ఒకేసారి తిప్పండి, ప్రతి డ్రాయరూ నిండా గిన్నెలు పెట్టి లాగండి, ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. తేడా ఉన్నచోటల్లా పసుపు కాగితం ముక్క అంటించి ఫొటో తీసి పంపండి. మాకు నలభై ఒక్క ముక్కలు తేలాయి, చివరిది తీయడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

మిగిలిన టైల్స్ పారేయనివ్వకండి, రకానికో పెట్టె అటక మీద ఉంచుకోండి, అదే బ్యాచ్ షేడు మళ్ళీ దొరకదు. రంగుల కోడ్‌లు, లామినేట్ నంబర్లు, ప్లంబర్ ఫోను, నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి కరెంటు బోర్డు తలుపు లోపలివైపు అంటించండి. మా కాగితంలో ఆఖరి లైను మా ఆయన రాసింది, కింద ఇంటి ఆంటీ నంబరు.